షియోజాకి వారి ఇంటి పట్టీ

తతురా, కుటుంబాల శిబిరం
1942 మార్చి 29

ఏమండీ,

నమస్కారం. మీ కాళ్ళు ఎలా ఉన్నాయి? ముందు అది రాయండి, మిగతావి తర్వాత. ఇక్కడ చలి మొదలవుతోంది. మీరున్న హే శిబిరంలోనూ ఇలాగే ఉంటే లోతు నీళ్ళలో పట్టుకున్న మీ పాత జబ్బు ఊరుకోదు. మోకాళ్ళకు ఉన్ని బట్ట చుట్టుకోండి. సిగ్గుపడాల్సిన పనిలేదు, అక్కడ మిమ్మల్ని చూసేది ముత్యపుచిప్పలు ఏరిన ముసలివాళ్ళేగా.

డిసెంబరులో జపాను యుద్ధానికి దిగిందని థర్స్‌డే ద్వీపంలో మన ఇళ్ళ చుట్టూ ముళ్ళ తీగ బిగించినప్పుడు, నాలుగు రోజుల్లో తీసేస్తారులే అన్నారు మీరు. నాలుగు నెలలు కావస్తోంది. ఓడలో మగవాళ్ళను ముందుకీ మమ్మల్ని వెనక్కీ తోసేశాక మిమ్మల్ని మళ్ళీ చూసింది సిడ్నీ రేవులోనే, అదీ వీపు. సుమియే "నాన్నా" అని గొంతు చించుకుని అరిచింది. ముగ్గురు నాన్నలు వెనక్కి తిరిగారు గానీ మీరు తిరగలేదు. మీ ఎడమ చెవి సంగతి నాకు తెలుసు కాబట్టి నేను నొచ్చుకోలేదు. పిల్ల మాత్రం నొచ్చుకుంది.

ఇక్కడ రేకుల కొట్టాలు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, మధ్యలో పలచటి చెక్క. పక్క గదిలో వాళ్ళు తుమ్మితే మేం దీవించవచ్చు. రోజూ గొర్రె మాంసం ఇస్తున్నారు. ఆ వాసనకు జావా నుంచి తెచ్చిన ఆడవాళ్ళు ముక్కులు మూసుకుంటున్నారు. క్యాబేజీ దొరికితే ఉప్పులో ఊరవేస్తున్నాను, దానితో నాలుగు ముద్దలు దిగుతున్నాయి. పిల్లలకు బడి పెట్టారు. మన సుమియే జపాను మాటలు ద్వీపం యాసలో పలుకుతుందని మిగతా పిల్లలు నవ్వుతున్నారట. తొమ్మిదేళ్ళ పిల్ల, తిరగబడి ఒకణ్ణి గిల్లి వచ్చింది. మీ పోలికే.

రెండు సంగతులు అడగాలి. పోయిన వారం హే నుంచి నలుగురు మగవాళ్ళు వచ్చారు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాళ్ళందరినీ ఇక్కడికే చేరుస్తారట. మీ వంతు ఎప్పుడు? రెండోది, మార్పిడి ఓడ. ఇక్కడి జపాను వాళ్ళను అక్కడికీ, అక్కడ చిక్కుకున్న తెల్లవాళ్ళను ఇక్కడికీ ఓడలో మారుస్తారని చెప్పుకుంటున్నారు. మా కొట్టాల పెద్దగా ఉన్న మియావాకి గారు, సురబాయలో పెద్ద దుకాణం నడిపినావిడ, అందరి దగ్గరా జపానులోని సొంత ఊరి పేరు, అక్కడి కచేరీలో ఉండే ఇంటి పట్టీ వివరం రాయించుకుంటోంది. మన పెళ్ళికీ సుమియే పుట్టుకకీ ఆ పట్టీ తప్ప వేరే కాగితం లేదు కదా. మీ అన్న తొరాకిచి గారి పేరు రాసి ఇవ్వనా? నాకైతే ఆ దేశం మీద ఆశ లేదు. నేను పుట్టింది ద్వీపంలో, మా అమ్మ మలయా మనిషి. నేనెప్పుడూ చూడని ఊరికి నన్ను 'తిరిగి' పంపడమేమిటో నాకు అర్థం కావడం లేదు. కానీ ఇవ్వనివాళ్ళను ఇక్కడ వేరుగా చూస్తున్నారు.

త్వరగా రాయండి.

కినుయే


హే, మగవాళ్ళ శిబిరం
ఏప్రిల్ 17

సౌభాగ్యవతి కినుయేకు,

నీ ఉత్తరం చేరింది. మన ఉత్తరాలు ముందు ఎక్కడో జపాను భాష తెలిసిన దొర చదివి, తర్వాత పంపుతాడట. ఆయనకు నా మోకాళ్ళ వైభవం కూడా తెలిసిపోయింది. ఉన్ని బట్ట చుట్టుకున్నాను. నడుస్తున్నాను. నా గురించి బెంగపడకు.

ఇక్కడంతా మట్టి. చెట్టూ చేమా లేని బయలు, గాలి లేస్తే గిన్నెలో అన్నం ఎర్రబడుతుంది. మాకు తొడగడానికి పాత సైనికుల కోట్లకు ముదురు ఎర్ర రంగు వేసి ఇచ్చారు. గాలి దుమారంలో మేం ఎక్కడున్నామో మాకే తెలియదు. అయినా మనవాళ్ళు ఊరుకోలేదు. రేకు డబ్బాలు అతికి వేడినీళ్ళ తొట్టి కట్టారు, కుస్తీకి బరి తవ్వారు, ముల్లంగి వేశారు. నేను ముత్యపుచిప్పల కోసం మునిగినప్పుడు పడవ మీద నా ఊపిరి తాడు పట్టుకున్న గెంజో కూడా ఇదే కొట్టంలో ఉన్నాడు. "ఒరేయ్ ఇసా, ఇన్నాళ్ళూ నీళ్ళ అడుగున నిన్ను బతికించాను, ఇప్పుడు ఈ మట్టిలో ముంచుతారేమిట్రా" అని రోజుకు ఒకసారి అంటాడు.

మగవాళ్ళను మీ దగ్గరికి పంపడం గురించి ఇక్కడ ఎవరికీ సరిగ్గా ఏమీ తెలియదు. వాళ్ళ ఇష్టం వచ్చినప్పుడు పంపుతారు. నువ్వు ఎవరినీ అడగకు.

ఇంకొకటి. మియావాకి గారికి మా ఊరి పేరు గానీ అన్నయ్య పేరు గానీ రాసి ఇవ్వకు. ముఖ్యంగా సుమియే పేరు ఇవ్వకు. తెలియదు, మా ఆయన్ని అడగాలి అని చెప్పు. కారణం తర్వాత రాస్తాను.

సుమియేతో చెప్పు, నాన్న ఆ రోజు వినలేదని. నిజంగానే వినలేదు.

ఇసమాత్సు


తతురా
మే 9

ఏమండీ,

మీ ఉత్తరం రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఈలోగా ఇచ్చేశాను. ఊరి పేరు, మీ అన్నగారి పేరు, మన ముగ్గురి పేర్లూ. ఇవ్వకుండా ఎలా ఉంటాను? మియావాకి గారు గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, ఇంటి పట్టీ చెప్పుకోవడానికి కూడా ఆలోచించాలా? పట్టీలో పేరున్న ఆడది ఉన్నది ఉన్నట్టు చెప్పడమేగా" అంది. పక్క గదుల వాళ్ళంతా చెవులు రిక్కించారు. నా పేరు షియోజాకి వారి పట్టీలో, మా ఆయన పేరు కింద గీతలో ఉంది అని గట్టిగానే చెప్పాను. సుమియే పుట్టిన ఏడాది మీరు నాకు చెప్పిన మాటే అది.

ఇప్పుడు చెప్పండి, ఎందుకు ఇవ్వకూడదు?

నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మీ శిబిరం నుంచి ఫురుతా అనే మనిషి వచ్చాడు, న్యూ కాలిడోనియాలో గని పని చేసినవాడు. మీ కొట్టం వరసలోనే ఉండేవాడట. అతని భార్య నా పక్కనే బట్టలు ఉతుకుతుంది. వాళ్ళు హేలో దిగిన మొదటి రోజే పేర్లు రాసుకుంటూ, పెళ్ళయిందా లేదా అని ఒక్కొక్కరినీ అడిగి, అయిందన్నవాళ్ళను వేరే వరసలో నిలబెట్టారట. ఆ వరసలో వాళ్ళే ఒక్కొక్కరూ ఇక్కడికి వస్తున్నారు. మరి మా ఆయన ఏ వరసలో నిలబడ్డాడు అని ఫురుతాను అడిగాను. ఆ మనిషి తన బూట్ల వంక చూసుకుని, నాకు గుర్తులేదమ్మా అన్నాడు.

గుర్తులేని మనిషి బూట్ల వంక చూడడు. ఎవరికీ ఏమీ తెలియదని నాతో చెప్పకండి, మీకు తెలిసింది చెప్పండి. మీకు జబ్బు చేసి, వద్దన్నారా? ఏదైనా తగాదాలో ఇరుక్కున్నారా? దెబ్బలు తగిలాయా? ఏదైనా సరే, మీ నోటితో వింటే ఓర్చుకోగలను. బట్టలు ఉతికే చోట వినడం నావల్ల కాదు.

సుమియేకు మీరు వినలేదన్న సంగతి చెప్పాను. "నాన్నకు కుడి చెవి బాగానే ఉందిగా అమ్మా" అంది.

కినుయే


హే
జూన్ 1

కినుయేకు,

జబ్బు చేయలేదు. తగాదా లేదు. దెబ్బలు లేవు.

ఆ రోజు నేను సరైన వరసలో నిలబడలేదు. ఇంతవరకే ఈ ఉత్తరంలో రాయగలుగుతున్నాను. మూడు కాగితాలు చింపి నాలుగోది రాస్తున్నాను. కారణం రాయాలంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. నాకు కొంచెం గడువివ్వు.

ఎవరు ఏ ఓడ అన్నా, ఎవరు ఏ పేరు చదివినా, సుమియేను నీ చేయి వదిలించి పంపకు. అమ్మ లేకుండా పిల్ల ఎక్కడికీ రాదని చెప్పు. అరిచి చెప్పు.

ముల్లంగి కాసింది.

ఇసమాత్సు


తతురా
జూన్ 23

షియోజాకి ఇసమాత్సు గారికి,

గడువు అడిగారు. మీరు తీసుకుంటున్నంత గడువు వాళ్ళు తీసుకోలేదు.

నిన్న మధ్యాహ్నం అందరినీ భోజనాల కొట్టంలో కూర్చోబెట్టారు. మార్పిడి ఓడలో ఎవరెవరు వెళ్ళాలో జపాను ప్రభుత్వమే జాబితా చేసి, రెండు దేశాల మధ్య మధ్యవర్తులుగా ఉన్న స్విస్ వాళ్ళ చేత పంపిందట. మియావాకి గారు లేచి నిలబడి చదివింది. పేరు, తండ్రి పేరు, ఊరు. షియోజాకి సుమియే అని వినగానే నేను లేచాను. నా పేరు కూడా వస్తుందనుకుని పిల్ల చేయి పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివింది. "షియోజాకి సుమియే, షియోజాకి తొరాకిచి కూతురు. తండ్రి దగ్గరికి చేర్చవలెను."

నా పేరు లేదు. ఎక్కడా లేదు. చివరిదాకా నిలబడే ఉన్నాను. తర్వాత మియావాకి గారు నా దగ్గరికి వచ్చి, మెల్లగానే అంది, మిగతావాళ్ళకు వినపడేంత మెల్లగా. "ఎవరి పిల్లను పెంచుతున్నావమ్మా?"

తొమ్మిది నెలలు మోశాను. వానాకాలంలో, దీపం నూనె అయిపోయిన పూట, మా అమ్మ చేతుల్లో కన్నాను. మీరు గుమ్మం అవతల నిలబడి సిగరెట్టు తిరగేసి వెలిగించుకుని పెదవి కాల్చుకున్నారు. ఆ పిల్ల మీ అన్నగారి కూతురట. ఆయన ముఖం నేను చూడలేదు. నా ముఖం ఆయన చూడలేదు.

ఈ శిబిరం దొర దగ్గరికి వెళ్ళాను. ఇంగ్లీషులో మాట్లాడగలను కాబట్టి వెళ్ళనిచ్చారు. ఆయన ఓపిగ్గానే విన్నాడు. నీ దగ్గర పెళ్ళి కాగితం ఉందా అన్నాడు. లేదు, మా నాన్న ఇంట్లో మూడు గిన్నెలలో మూడేసి గుక్కలు బియ్యం సారా తాగి పెళ్ళి చేసుకున్నాం, మా వాళ్ళందరూ అలాగే చేసుకుంటారు అన్నాను. పిల్ల పుట్టిన కాగితం? మా ఆయన ఊరికి పంపించారు అన్నాను. ద్వీపం కచేరీ కాగితాలు ఎక్కడికో తరలించారు, దొరకవు అన్నాడు. చివరికి ఆయన తన కాగితం తిప్పి చూసి, హేలో షియోజాకి ఇసమాత్సు అనే మనిషి ఉన్నాడు గానీ, పెళ్ళి కాలేదని తన నోటితోనే చెప్పాడే అన్నాడు.

నేను పెంకుటింట్లో మీతో పదేళ్ళు కాపురం చేశాను. మీ కాళ్ళు పడిపోయిన ఏడాది మిమ్మల్ని వీపున మోసి స్నానానికి తీసుకెళ్ళాను. నన్ను ఇక్కడ ముళ్ళ తీగలో పెట్టింది మా నాన్న జపాను వాడని. జపాను వాళ్ళకు నేను కాగితం మీద లేను. ఇక్కడి వాళ్ళకు శత్రువుని, అక్కడి వాళ్ళకు ఎవరినీ కాను, మీకు ఏమవుతానో మీరే రాయండి.

ఓడకు వెళ్ళేవాళ్ళను తీసుకుపోవడానికి ఆగస్టు ఎనిమిదిన లారీ వస్తుంది. ఆ అమ్మాయి అదృష్టవంతురాలని పంతులమ్మ తరగతిలో చప్పట్లు కొట్టించిందట. సుమియే ఇంటికొచ్చి, తొరాకిచి అంటే ఎవరమ్మా అని అడిగింది. మీ నాన్నను అడుగు అన్నాను.

కినుయే


హే
జూలై 11

కినుయేకు,

నీ ఉత్తరం ఇవాళ చేరింది. ఇంక గడువు అడగను. ఈ ఉత్తరం చదివే దొర ఏమనుకున్నా సరే, మొత్తం రాసేస్తాను.

సుమియే పుట్టినప్పుడు నీ పేరూ పిల్ల పేరూ పట్టీలో ఎక్కించమని అన్నయ్యకు రాశాను. మా ఇంటి పట్టీకి పెద్ద అన్నయ్యే, అతని ముద్ర లేకుండా కచేరీలో ఎవరినీ ఎక్కించరు. మలయా దాని కూతుర్ని షియోజాకి వారి పట్టీలో రాయనని జవాబు రాశాడు. రాసి, కింద ఇంకో మాట చేర్చాడు. తనకు పిల్లలు లేరు, పసిదాన్ని తన సొంత కూతురిగా రాయించుకుంటాడట. అలా అయితే దానికి ఇల్లూ పేరూ ఉంటాయి, పెద్దయ్యాక ఎవరూ వేలెత్తి చూపరు అన్నాడు. నేను ముద్ర వేసి పంపాను. మా ఊళ్ళో ఇది కొత్త కాదు, పిల్లలు లేని అన్నకు తమ్ముడు బిడ్డను రాసి ఇవ్వడం ఇంటింటా ఉన్నదే. పిల్ల మన దగ్గరే ఉంటుంది, అదంతా ఎక్కడో పెట్టెలో ఉండే కాగితమేగా అనుకున్నాను. కానీ నీకు చెప్పలేదు. ఇద్దరినీ ఎక్కించారు, నువ్వు నా కింది గీతలో ఉన్నావు అని చెప్పాను. ఆ రోజు నువ్వు పీత తెచ్చి వండావు, పండగ చేశావు. ఆ పీత తింటుంటే నా గొంతులో దిగలేదు. దిగలేదన్న సంగతి కూడా నీకు చెప్పలేదు.

ఇక ఆ వరస సంగతి. ఇక్కడ దిగిన రోజు బల్ల వెనక దొర, పక్కన పేర్లు రాసే మనవాడు. అతను మా కిషూ తీరం వాడే, మా పక్క ఊరు. పెళ్ళయిందా అని అడిగాడు. కచేరీ మనిషి ఏదైనా అడిగితే పట్టీలో ఏముందో అదే చెప్పాలని మాకు చిన్నప్పుడే ఎముకల్లోకి ఎక్కించారు. లేదు అనేశాను. అనేశాక నాకే అర్థమైంది. కానీ వెనక వందమంది ఉన్నారు, పక్క ఊరి వాడి ముందు మాట మార్చుకోలేకపోయాను. వరసలోంచి గెంజో నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. పెళ్ళి కాని వాళ్ళ వరసలోకి వెళ్ళి నిలబడ్డాను. భయంతో, సిగ్గుతో చేశాను కినుయే. వేరే పేరు పెట్టలేను దానికి.

జాబితాలో నా పేరు కూడా ఉంది. అన్నయ్య రాయించాడు. రెడ్‌క్రాస్ వాళ్ళ ద్వారా అతని దగ్గర్నుంచి రెండు ముక్కలు వచ్చాయి. "అమ్మకు ఎనభై ఒకటి, నీ కోసం ఎదురుచూస్తోంది. నా కూతుర్ని జాగ్రత్తగా తీసుకురా."

నిన్ను వదిలి ఆ పిల్లతో ఆ ఓడ ఎక్కితే నేను మనిషిని కాను. ఎక్కను. కానీ నేను ఎక్కకపోయినా పిల్లను ఆపలేరు, కాగితం మీద దానికి నేను చిన్నాన్ననే. ఆపాలంటే ఒకటే దారి. ఆ పట్టీ అబద్ధమని నేను దొర ముందు ప్రమాణం చేయాలి. దానికోసం రేపు ఇక్కడి పెద్ద దొరను కలుస్తానని అడిగాను.

ఇసమాత్సు


తతురా
జూలై 28

షియోజాకి ఇసమాత్సు గారికి,

మీ ఉత్తరం అందింది. చదివాను. దాని గురించి ఇప్పుడేమీ రాయను, రాస్తే కాగితం చాలదు.

కలుస్తానని రాశారు. కలిశారా? 'కలుస్తాను', 'రాస్తాను', 'చెబుతాను' అన్న మాటలు మీ దగ్గర పదేళ్ళుగా వింటున్నాను. లారీకి పదకొండు రోజులుంది. ఈ ఉత్తరం మీకు చేరేటప్పటికి అది వచ్చి వెళ్ళిపోయి ఉంటుందని తెలుసు. తెలిసీ రాస్తున్నాను, చేతులు ఊరుకోవడం లేదు.

సుమియేకు సంచి ఇచ్చారు. మియావాకి గారు స్వయంగా తెచ్చి, ఓడలో పిల్లను తాను చూసుకుంటానని చెప్పింది. నన్ను ఆవిడ ఇప్పుడు 'ఆయా' అంటోంది. సుమియే సంచిలో బట్టలు పెట్టుకుని, నా చెప్పులు కూడా పెట్టింది. నువ్వూ వస్తావు కదా, చెప్పులు లేకుండా ఎలా వస్తావు అంది. తీసి బయట పెడితే మళ్ళీ లోపల పెడుతోంది.

ఈ ఉత్తరం చదివే దొరగారూ, మీరెవరో నాకు తెలియదు. మీకు పిల్లలున్నారో లేదో తెలియదు. మా సంగతంతా మీకు మొదటినుంచీ తెలుసు, మీ అంతగా తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఇంకెవరూ లేరు. మా ఆయన ఆ కాగితం రాసి ఉంటే దాన్ని మీ బల్ల మీద ఉంచకండి.

కినుయే


హే
జూలై 24 (తతురా చేరింది ఆగస్టు 9)

కినుయేకు,

కలిశాను. అయిపోయింది.

ఈ దొరను కలవడానికి పదకొండు రోజులు పట్టింది, నా వల్ల కాదు. మా శిబిరానికి పెద్దగా హిరాయె అనే ఓడల కంపెనీ పెద్దమనిషి ఉన్నాడు. దొరను కలవాలంటే ఆయన సంతకం కావాలి. రోజూ వెళ్ళి ఆయన గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా మోకాళ్ళు నీకు తెలుసు. మొదట మంచిగా చెప్పాడు. "షియోజాకి గారూ, జాబితాలో పేరున్నవాడు వెళ్ళనంటే అది దేశం మాట కాదన్నట్టు. ఇంటి పట్టీ అబద్ధమని శత్రువు ముందు చెబితే మీ అన్న జైలుకు పోతాడు. మీ అమ్మ మొహం ఎలా చూస్తారు?"

చూడలేను అన్నాను. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, ఈ యుద్ధం అయ్యేదాకా ఉండదని నాకు తెలుసు. ఆమె దగ్గరికి వెళ్ళే ఓడ ఇదొక్కటే. అన్నీ తెలిసే కూర్చున్నానని చెప్పాను. పదో రోజున కాగితం మీద సంతకం పెట్టి నేల మీద పడేశాడు. తీసుకున్నాను.

పెద్ద దొర ముందు, మనవాళ్ళు ఆరుగురు వింటుండగా ప్రమాణం చేశాను. షియోజాకి సుమియే నా కూతురు. మా అన్న కూతురు కాదు. దాని తల్లి కినుయే నా భార్య. పదేళ్ళ కిందట పెళ్ళి చేసుకున్నాను. ఇక్కడ దిగిన రోజు నేను చెప్పింది అబద్ధం. పేర్లు రాసే ఆ పక్క ఊరి వాడే ఇదంతా ఇంగ్లీషులోకి మార్చి రాశాడు. 'భార్య' దగ్గర వాడి కలం ఆగింది. మళ్ళీ చెప్పాను. రాశాడు.

జాబితాలో నా పేరు కొట్టేశారు. సుమియే పేరు కొట్టేయడానికి మాత్రం తల్లిని కూడా అడగాలట, నా ఒక్కడి మాట చాలదట. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నవాడి మాట ఒంటరిగా ఎలా నమ్ముతారు? న్యాయమే. మీ శిబిరానికి కాగితం పంపుతామన్నారు. ఎప్పుడు పంపుతారని అడిగితే, పంపుతామన్నాంగా అన్నారు. ఎనిమిదో తారీకులోపు చేరుతుందా? నాకు తెలియదు. కంచె దగ్గర నిలబడి ఉత్తరాల బండి వెళ్ళడం ఈ రెండు రోజులూ చూశాను. అందులో ఉందో లేదో ఎవరినడిగినా చెప్పరు.

కొట్టంలో ఎవరూ నాతో మాట్లాడడం లేదు. నేను కూర్చున్న బల్ల మీద ఎవరూ తినడం లేదు. వేడినీళ్ళ తొట్టిలోకి నేను దిగితే మిగతావాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు. గెంజో ఒక్కడే నా ఎదురుగా గిన్నె పెట్టుకుని కూర్చుంటాడు. "నీళ్ళన్నీ మనకేరా ఇసా, హాయిగా తానం చేయి" అంటాడు.

నీ క్షమాపణ అడిగే అర్హత లేదు. పిల్ల ఆగితే చాలు.

ఇసమాత్సు


తతురా
ఆగస్టు 10

ఏమండీ,

పిల్ల ఆగింది. ముందు అది రాశాను, మీరు ఈ కాగితాన్ని చింపుకుంటూ తెరుస్తారని తెలుసు కాబట్టి.

మీ జూలై ఇరవై నాలుగు నాటి ఉత్తరం ఇంకా నాకు రాకముందే, ఆరో తారీకున దొర నన్ను పిలిపించాడు. బల్ల మీద హే నుంచి వచ్చిన కాగితం ఉంది. మీ ముద్ర చూశాను. అక్షరాలు చదవలేకపోయాను, కళ్ళు మసకబారాయి. ఆయనే చదివి వినిపించాడు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగాడు.

ఈ ఇసమాత్సు నీ కూతురికి తండ్రేనా అన్నాడు. అవునన్నాను, ఆయన ఇంకా పూర్తిచేయకముందే. సుమియే పేరు మీద ఎర్ర గీత గీశాడు. గీత కొంచెం వంకరగా వచ్చిందేమోనని, ఇంకోసారి గీయమని అడిగాను. నవ్వి, ఇంకోసారి గీశాడు.

ఇతను నీ భర్తేనా అన్నాడు. నువ్వు అవునంటే అతన్ని ఇక్కడికి, మీ గదిలోకి పంపుతామన్నాడు.

రేపు చెబుతానన్నాను.

ఎనిమిదిన లారీ వచ్చింది. పేర్లు చదివారు. గీత గీసినా నాకు నమ్మకం చాలలేదు. పిల్లను నా ముందు నిలబెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. షియోజాకి అని వినపడలేదు. మియావాకి గారు లారీ ఎక్కబోతూ నా దగ్గరికి వచ్చింది. సుమియే తల నిమిరి వెళ్ళింది. ఆవిడ కొడుకు యుద్ధంలో ఉన్నాడట, ఇప్పుడే తెలిసింది. లారీ మలుపు తిరిగాక అక్కడే కూలబడ్డాను. నా చేతులు బిగుసుకుపోతే పిల్లే ఒక్కో వేలూ విడదీసింది. భుజాల మీద నా గోళ్ళు దిగిన గుర్తులు ఇంకా ఉన్నాయి.

తర్వాత మీ ఉత్తరం వచ్చింది. మీ మోకాళ్ళ సంగతి చదివి ఏడ్చాను. మీ అమ్మగారి సంగతి చదివి కూడా ఏడ్చాను, ఆవిడ నన్ను ఎప్పుడూ కోడలు అనకపోయినా. అయినా దొరకు జవాబు చెప్పలేదు. ఆయన కనపడినప్పుడల్లా రేపు అయిందా అని అడిగేవాడు. కాలేదు అనేదాన్ని.

ఎందుకో చెబుతాను. పదేళ్ళు నేను ఇంట్లో మీకు భార్యను, కాగితం మీద ఏమీ కాను. ఆ సంగతి నాకు తెలియదు కాబట్టి సుఖంగా ఉన్నాను. ఈ నాలుగు రోజులు ఆ సంగతి తెలిసీ, అవుననీ కాదనీ అనకుండా ఉండి చూశాను. ఎవరి కింది గీతలోనూ లేకుండా తిన్నాను, బట్టలు ఉతికాను, ఫురుతా భార్యతో గొడవపడ్డాను. చచ్చిపోలేదు. ఊపిరి ఆడుతూనే ఉంది. మీరు ఎక్కించకపోవడం వల్ల నాలో తగ్గింది ఏమీ లేదని అర్థమయ్యేదాకా ఆగాలనిపించింది. కోపం తగ్గిందని కాదు. తగ్గలేదు. మీరు వచ్చాక కూడా చాలాకాలం తగ్గదు, సిద్ధపడి రండి. పలచటి చెక్క గోడలని రాశానుగా, నేను అరిస్తే కొట్టమంతా వింటుంది.

ఇవాళ పొద్దున నేనే దొర గదికి వెళ్ళాను. ఆయన తలెత్తేలోపే చెప్పాను. అవును, నా భర్తే. ఆ మాట అనడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మీకు పదేళ్ళు పట్టింది.

మీ భార్య,
కినుయే